పసుపు అంటిన ఓట్లు

మా ఆయన జన్మలో చేప ముట్టలేదు. వాళ్ళింట్లో కార్తీకమాసం వస్తే ఉల్లిపాయకి కూడా ప్రవేశం లేదు. అలాంటి మనిషి ఐస్‌లాండ్ సముద్రంలోని చేపలు ఎవరికి చెందాలన్న విషయం మీద నాతో ఏళ్ళ తరబడి పోట్లాడారు. ఆ దేశ రాజధాని రేక్యావిక్‌లో ఉన్నప్పుడూ పోట్లాడారు, దోహా వచ్చాకా పోట్లాడారు. ఐస్‌లాండ్ యూరప్ కూటమిలో చేరితే పరాయి ఓడలొచ్చి మన చేపలన్నీ పట్టుకుపోతాయని ఆయన భయం. ఆయన నోట "మన చేపలు" అన్న మాట వింటే నాకు నవ్వూ వచ్చేది, ఒళ్ళూ మండేది.

ఆ దేశం మాకు ఎలా చుట్టమైందో చెప్పాలి. ఆయన ఇంజనీరు. అక్కడ భూమిలోంచి వచ్చే వేడి ఆవిరితో కరెంటు తీసే కంపెనీలో చేరారు. కొన్నాళ్ళుండి వచ్చేద్దామని వెళ్ళినవాళ్ళం అక్కడే ఉండిపోయి, చివరికి ఆ దేశ పౌరులమయ్యాం. ఆ తర్వాత ఆయనకి కతార్ రాజధాని దోహాలో ఉద్యోగం వచ్చింది. ఇక్కడి పని పెద్ద పెద్ద భవనాలకి గొట్టాల్లో చల్లనీళ్ళు పంపి గదులు చల్లబరచడం. అక్కడ వేడితో బతికాం, ఇక్కడ చల్లదనంతో బతుకుతాం అని ఆయన అందరికీ చెప్పుకుని మురిసిపోయేవారు. బయట ఎండలో కూరగాయలు మోసుకొచ్చే నాకు ఆ మురిపెం అర్థం కాలేదు.

పౌరసత్వం వచ్చాక పాత పాస్‌పోర్టు తిరిగి ఇచ్చేసిన రోజు నేను ఏడ్చాను. ఆయన మామూలుగానే ఉన్నారు. ఇండియాలో నేను ఒక్కసారి కూడా ఓటు వేయలేదు. చదువుకునేటప్పుడు హాస్టల్లో ఉన్నాను. పెళ్ళయ్యాక నా పేరు ఏ ఊరి జాబితాలో ఉందో ఎవరూ పట్టించుకోలేదు. కతార్‌లో మాకు రెసిడెన్స్ కార్డు తప్ప ఇంకేమీ లేదు, ఉండదు కూడా. ఈ భూమ్మీద నన్ను కూడా ఒక మనిషిగా లెక్కవేసి అడిగే చోటు ఆ చలిదేశం ఒక్కటే మిగిలింది. అక్కడా ఇంకా వేయలేదు. నాకు పౌరసత్వం వచ్చేసరికి ఒక ఎన్నిక అయిపోయింది, ఇంకో ఎన్నిక వచ్చేలోపు దోహా వచ్చేశాం.

అక్కడ మా కింది వాటాలో ఒక రిటైర్డ్ టీచరమ్మ ఉండేవారు. నాకు ఆ భాష నేర్పింది ఆవిడే. ఆవిడ ఒక ఉదారవాద పార్టీలో పనిచేసేవారు. అది కొత్త పార్టీ, పాతవాటిలా ఊరూరా పాతుకుపోయింది కాదు. వ్యాపారం స్వేచ్ఛగా సాగాలి, యూరప్‌తో దగ్గర కావాలి, కూటమిలో చేరే చర్చలు మళ్ళీ మొదలుపెట్టాలా వద్దా అన్నది జనాన్నే అడగాలి అని వాళ్ళ వాదం. ఆ దేశంలో ఎన్నికల రోజున పార్టీ ఆఫీసుల్లో కాఫీ, కేకులు పెడతారు. ఎవరైనా వెళ్ళి తినొచ్చు, పోటీ పార్టీ వాళ్ళు కూడా. నాకింకా ఓటు లేని రోజుల్లో టీచరమ్మ నన్ను అక్కడికి లాక్కెళ్ళారు. అక్కడ మంత్రినైనా పేరు పెట్టి పిలవాల్సిందే. గారూ లేదు, మేడమూ లేదు. నాకు నోరు రాక, ఆ పూటంతా ఎవర్నీ పిలవకుండానే మాట్లాడి వచ్చేశాను.

జనాన్నే అడుగుదాం అన్న ఆ ఒక్క మాటకి నేను పడిపోయాను. నన్నెవరు అడిగారు గనక? ఐస్‌లాండ్ వెళ్దామా అని మా ఆయన అడగలేదు, వీసా వచ్చిందని చెప్పారు. దోహా వెళ్దామా అనీ అడగలేదు, జాయినింగ్ డేట్ చెప్పారు. ఆయన చెడ్డవారు కాదు. అడగాలన్న ఆలోచన ఆయనకి రాలేదు, అంతే. అందుకే నాకు కోపం కూడా ఎక్కువ.

మేం దోహాలో కుదురుకున్నాక అక్కడి ప్రభుత్వం మధ్యలోనే కూలి, ఎన్నికలు హఠాత్తుగా ముంచుకొచ్చాయి. టీచరమ్మ ఫోన్ చేశారు. విదేశాల్లో ఉన్నవాళ్ళు ఆ దేశపు ప్రతినిధి అయిన కాన్సుల్ దగ్గరికి వెళ్ళి ముందే ఓటు వేయొచ్చు. అయితే వేశాక ఆ కవరు మన చేతికే ఇచ్చేస్తారు. పోలింగ్ ముగిసేలోపు దాన్ని మన నియోజకవర్గానికి చేర్చడం మన బాధ్యతే. కొరియర్‌ని నమ్ముకోవద్దు, ఇంత తక్కువ సమయంలో రాకపోవచ్చు అని ఆవిడ హెచ్చరించారు. అదృష్టవశాత్తూ మా ఆయన పాత కంపెనీ వాళ్ళు ఏదో యంత్రం మొరాయిస్తోందని ఆ వారానికే ఆయన్ని రేక్యావిక్ పిలిచారు. అక్కడ పనిలో పడితే ఓటేసే తీరిక దొరకదేమోనని ఆయన కూడా ఇక్కడే వేసి, రెండు కవర్లూ పట్టుకెళ్ళి ఇస్తారు. ఇంత సులువుగా కుదిరినందుకు అప్పుడే నాకు భయం వేయాల్సింది.

దోహాలో గౌరవ కాన్సుల్ అంటే ఒక వ్యాపారి. ఇండస్ట్రియల్ ఏరియాలో ఆయన గోడౌను, దాని పైనే ఆఫీసు. ప్రయాణానికి ముందురోజు సాయంత్రం ఇద్దరం వెళ్ళాం. ఇలా ముందే వేసే ఓటు కాగితం మీద గుర్తులుండవు, బొమ్మలుండవు. ఖాళీ కాగితం ఇస్తారు. మనకి కావలసిన పార్టీకి కేటాయించిన అక్షరం చేత్తో రాయాలి. తెర వెనక నిలబడి ఆ ఒక్క అక్షరాన్ని గోడ మీది జాబితాతో మూడుసార్లు సరిచూసుకుని రాశాను. పరీక్షలో కూడా ఎప్పుడూ అన్నిసార్లు సరిచూసుకోలేదు. కాగితాన్ని చిన్న కవర్లో పెట్టి అంటించి, దాన్ని, సంతకం చేసిన పత్రాన్ని కలిపి పెద్ద కవర్లో పెట్టి ఇంటికి తెచ్చుకున్నాం.

చలికాలం కదా అని మా అత్తగారు విజిట్ వీసా మీద వచ్చి మా దగ్గరే ఉన్నారు. మామగారు పోయి కొన్నేళ్ళయింది. ఆవిడది గోదావరి జిల్లా, నెమ్మదైన మనిషి, మాట బయటికి వినపడదు. మా ఆయన రెండు కవర్లూ ఆవిడ చేతికిచ్చి, "దేవుడి దగ్గర పెట్టమ్మా, పొద్దున్న మర్చిపోకుండా ఉంటాను" అన్నారు. పాస్‌పోర్టులూ టికెట్లూ అక్కడ పెట్టడం మా ఇంట్లో అలవాటే.

మర్నాడు పొద్దున్న కవర్లు తీసి ఆయన బ్యాగులో పెడదామని చెయ్యి వేశాను. చేతికి తడిగా తగిలింది. రెండు కవర్లకీ నాలుగు మూలలా పసుపు, నడుమ కుంకుమ, పైన ఒక చామంతి. మా అత్తగారు పసుపు నీళ్ళలో బాగా జారుగా కలుపుతారు. శుభలేఖకైనా కొత్త ఫ్రిజ్జుకైనా ఆవిడ చెయ్యి ఒకటే.

"ఏంటత్తయ్యా ఇది!" అని అరిచాను.

వంటింట్లోంచి కంగారుగా వచ్చారు. "ఏమైందమ్మా? మొదటిసారి ఓటేసొచ్చానన్నావు గదా. అంత దూరం బోసిగా ఎలా పంపుతాం?"

కవరుని కిటికీ దగ్గర వెలుతురుకి అడ్డం పెట్టి చూశాను. పసుపు పై కవరు దాటి లోపలికి దిగింది. చిన్న కవరు అంచు కూడా పచ్చగా కనిపిస్తోంది. కాన్సుల్ ఇచ్చిన సూచనల కాగితం నాకు కళ్ళముందు ఆడింది. ఓటు మీద ఆ అక్షరం తప్ప మరే గుర్తూ ఉండకూడదు, ఉంటే చెల్లదు. లోపలి కాగితానికి పసుపు తగిలిందో లేదో విప్పితేగానీ తెలియదు. విప్పితే ఇక ఓటే లేదు.

టీచరమ్మకి ఫోన్ చేశాను. అక్కడ ఇంకా తెల్లారలేదు. నిద్రమత్తులో పసుపంటే ఏంటో ఆవిడకి అర్థం కావడానికే చాలాసేపు పట్టింది. "లోపలికి తగిలుంటే లెక్కించేవాళ్ళు పక్కన పెట్టేస్తారు. నువ్వు మళ్ళీ వెయ్యి. మళ్ళీ వేసినదే లెక్కకి వస్తుంది" అన్నారు. మా ఆయన విమానం మధ్యాహ్నం. కాన్సుల్ ఆఫీసుకి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తడం లేదు.

మా ఆయన మాత్రం తాపీగా చొక్కాలు మడతపెడుతున్నారు. "ఎందుకింత హైరానా? ఆలోచించు. నేను నీ పార్టీకి వేయను, నువ్వు నా పార్టీకి వేయవు. నా ఓటుకి నీ ఓటు చెల్లు. రెండూ పసుపులో పోయాయి గనక ఎవరికీ నష్టం లేదు. వదిలెయ్."

ఆయన దుర్మార్గంగా అనలేదు. నిజంగానే లెక్క తేలిందన్న సంతోషంతో అన్నారు. నాకు మాత్రం ఒళ్ళంతా నిప్పంటుకున్నట్టయింది.

"చెల్లా? మీరు అన్నం తిని నేను పస్తుంటే కూడా చెల్లేనా? నాది మీ ఓటుకి విరుగుడు కాదండీ, నా ఓటు. పాస్‌పోర్టు ఇచ్చేసి తెచ్చుకున్నది. మీరు రాకపోతే నేనే కారు తీసుకుని పోతాను. మీరు విమానం ఎక్కేలోపు తెచ్చి మీ చేతిలో పెడతాను, పట్టుకెళ్ళను అంటే అప్పుడు చెప్పండి."

అత్తగారు అప్పటికే గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటున్నారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "పదండి, నేనూ వస్తా. తప్పు నాదని ఆ కాన్సులు గారికి నేనే చెబుతా" అన్నారు. తెలుగులో ఎలా చెబుతారో నేను అడగలేదు. ఆయన సూట్‌కేసు తెచ్చి కారు డిక్కీలో పడేశారు.

ఇండస్ట్రియల్ ఏరియా వైపు రోడ్డంతా లారీలూ, కూలీల్ని మోసుకెళ్ళే కంపెనీ బస్సులూ. ప్రతి సిగ్నలూ మాకోసమే ఎర్రగా మారుతున్నట్టు నాకు అనిపించింది. గోడౌను గేటు దగ్గర వాచ్‌మన్ మమ్మల్ని చూసి చెయ్యి అడ్డంగా ఊపాడు.

"ముదీర్ మాఫీ. ముదీర్ దుఖాన్."

అంటే బాస్ లేడు, దుఖాన్ వెళ్ళాడు. దుఖాన్ అంటే దేశానికి ఆ చివర, పడమటి సముద్రం పక్కన. పైకి వెళ్తే కాన్సుల్ దగ్గర పనిచేసే కేరళ అమ్మాయి ఉంది. ఓటు కాగితాలు ఆయన బీరువాలో ఉన్నాయనీ, తాళం ఆయన దగ్గరే ఉందనీ, అక్కడ పని ముగించుకుని ఇప్పుడే బయల్దేరారనీ హిందీలో చెప్పింది. ఎంతసేపట్లో వస్తారని అడిగితే, "రోడ్డు బాగుంటే తొందరగానే" అంది. ఆ జవాబు నాకెందుకూ పనికిరాలేదు.

వరండాలో కుర్చీల్లో కూర్చున్నాం. కింద ఫోర్క్‌లిఫ్టు ముందుకీ వెనక్కీ తిరుగుతూ కూస్తోంది. మా ఆయన గడియారం చూస్తారు, నా వైపు చూస్తారు, మళ్ళీ గడియారం చూస్తారు. ఆయన ఇంకొక్కసారి గడియారం చూస్తే అరిచేద్దామనుకున్నాను. ఆయన ఆపేశారు. అది ఇంకా కష్టంగా ఉంది.

అత్తగారు నా చెయ్యి పట్టుకున్నారు. "ఇంతకీ ఏం గుర్తమ్మా మీ పార్టీది?"

"గుర్తంటూ ఏదీ ఉండదు అత్తయ్యా. అక్షరం రాయాలి."

"రాయడం రానోళ్ళు?"

"అక్కడ అందరికీ వచ్చు."

ఆవిడ నా చెయ్యి వదలకుండానే చెప్పారు. "మా ఊళ్ళో ఎలచ్చన్లంటే పొద్దున్నే తలంటుకుని, కొత్త చీర కట్టుకుని ఎళ్ళేదాన్ని. మీ మామగారు ముందు నడిచేవారు. ఏ గుర్తుకెయ్యాలో ముందురోజే చెప్పేవారు. అలాగే వేసొచ్చేదాన్ని. నువ్వు మీ ఆయనకి ఎదురుగా ఇంకోదానికి వేశావు చూడు, నాకు భయమేసింది. మంచిదవ్వాలనే పసుపు పెట్టాను గానీ, చెడగొట్టాలని కాదమ్మా."

ఆవిడ మీద అరిచినందుకు అప్పుడు నాకు ఏడుపొచ్చింది. పక్కన మా ఆయన ఆ మాటలన్నీ వింటూనే నేలకేసి చూస్తూ కూర్చున్నారు.

ఇక విమానం పోయినట్టే అని ఆయన లేచి నిలబడ్డప్పుడు కాన్సుల్ కారు గేట్లోకి వచ్చింది. పెద్దాయన మెట్లెక్కి ఆయాసపడుతూ మా కవర్లు చూసి, ఇదేమైనా మతాచారమా అని మర్యాదగా అడిగారు. అత్తగారు చేతులు జోడించి తెలుగులోనే క్షమాపణ చెప్పేశారు. ఆయనకి ఏమర్థమైందో గానీ తనూ చేతులు జోడించారు. పాత కవర్లు తీసుకుని, రద్దు అని రాసి, కొత్త కాగితాలు ఇచ్చారు.

ముందు నేను వెళ్ళాను. ఈసారి జాబితా వైపు చూడలేదు. అక్షరం రాసి, అంటించి, బయటికి వచ్చేశాను. తర్వాత ఆయన వెళ్ళారు. తెర వెనక ఎంతసేపటికీ కదలిక లేదు. ముందురోజు ఆయన నాకంటే త్వరగా వచ్చేశారు. రాయాల్సింది ఒక్క అక్షరం. విమానం టైము అవతల తరుముకొస్తోంది. "ఏమండీ!" అని పిలిచాను. కాన్సుల్ వేలు పెదాల మీద పెట్టుకుని నన్ను ఆపారు. ఓటేసే మనిషిని పిలవకూడదట.

విమానాశ్రయం దాకా కారు ఎలా నడిపానో నాకు సరిగ్గా గుర్తులేదు. డిపార్చర్ దగ్గర కారు ఆగీ ఆగకముందే ఆయన దిగి సూట్‌కేసు లాగారు. నా కవరు ఆయన చేతిలో పెట్టాను. వదలబుద్ధి కాలేదు. ఎదుటి పక్షం మనిషి చేతికి నా ఓటు ఇస్తున్నాను. ఆయన దాన్ని ఏ విమానాశ్రయంలోనో చెత్తబుట్టలో పడేసినా నాకు తెలిసే దారి లేదు.

"ఇస్తారు కదా?" అన్నాను.

"నా మీద అంత నమ్మకం లేదా?"

"ఉంటే అడుగుతానా?"

ఆయన మొహం చిన్నబోయింది. ఆ మాట అనకుండా ఉండాల్సిందని అప్పుడే అనిపించింది, కానీ వెనక్కి తీసుకోలేదు. ఆయన రెండు కవర్లూ చొక్కా లోపల, ఒంటికి ఆనుకునేలా పెట్టుకుని, పరుగులాంటి నడకతో లోపలికి వెళ్ళిపోయారు.

మర్నాడు సాయంత్రం ఫోన్లో "అందజేశాను" అని ఒక్క ముక్క మెసేజ్ వచ్చింది. ఫోటో లేదు, రసీదు లేదు. అడుగుదామని టైప్ చేశాను, చెరిపేశాను. ఎన్నికలయ్యేదాకా నేను ఇంట్లో ఏ పనీ సరిగ్గా చేయలేదు. పాలు పొంగిపోనిచ్చాను, ఉప్పు వేసిన పప్పులో మళ్ళీ ఉప్పు వేశాను. ఆయన మాటని నమ్మాలనే ఉంది. కానీ చెల్లుకి చెల్లన్న మాట చెవిలోంచి పోవడం లేదు.

ఫలితాలు వచ్చిన మర్నాడు పొద్దున్న ఆయనే ఫోన్ చేశారు. నేనూ అత్తగారూ వంటింట్లో చిక్కుడుకాయలు ఒలుస్తున్నాం. ఫోన్ స్పీకర్లో పెట్టాను.

"విన్నావా? మీ టీచరమ్మ పార్టీ బాగా నెగ్గింది. ముందుకంటే చాలా సీట్లు పెరిగాయి. ప్రభుత్వంలోకి కూడా రావచ్చంటున్నారు" అన్నారు.

"విన్నాను. టీచరమ్మ చెప్పారు."

"ఎన్నికల రోజు మీ టీచరమ్మ నన్ను కాఫీకి పిలిచింది. వెళ్ళాను. నీ కవరు నేనే తెచ్చి ఇచ్చానంటే ఆవిడ నన్ను అందరికీ చూపించి మరీ చెప్పింది. నాకు సిగ్గేసింది. మొత్తానికి మనవాళ్ళు గట్టివాళ్ళే" అన్నారు.

నా చేతిలో చిక్కుడుకాయ అలాగే ఆగింది. ఇన్నేళ్ళలో ఆయన ఆ పార్టీని మీవాళ్ళు అనడమే గానీ, మనవాళ్ళు అన్నది లేదు. తెర వెనక ఆయన అంతసేపు నిలబడ్డం కళ్ళముందు మెదిలింది.

"ఏమండీ, నిజం చెప్పండి. రెండోసారి మీరు వేసింది..."

మాట పూర్తి కాలేదు. అత్తగారు తడిచేత్తోనే ఫోన్ లాక్కుని కట్ చేసేశారు. ఆవిడ అంత విసురుగా కదలడం నేనెప్పుడూ చూడలేదు.

"అదేంటత్తయ్యా!"

"అడక్కు."

"మొగుడూ పెళ్ళాల మధ్య అడిగితే తప్పేంటి?"

"మీ మామగారూ ఇదే మాట అనేవారు. ఓటేసొచ్చి ఇంకా గుమ్మం ఎక్కకుండానే అడిగేవారు, నేను చెప్పినదానికే వేశావు గదా అని. వేశానండీ అనేదాన్ని."

"మీరు ఆయన చెప్పినట్టే వేశారుగా?"

ఆవిడ మళ్ళీ పీట మీద కూర్చుని చిక్కుడుకాయ చేతిలోకి తీసుకున్నారు.

"ఒక్కసారి కూడా వెయ్యలేదమ్మా. ఆయన పోయేదాకా అబద్ధమే చెప్పాను. వాడి చేత నువ్వూ అబద్ధం చెప్పించకు."